కేనీ ఫోర్క్ బడిలో ప్రొజెక్టరు

మార్డెన్, కెంటకీ
4 అక్టోబరు 1976

తమ్ముడు ఎస్టిల్‌కి,

నువ్వు బాగానే ఉన్నావని బస్సు నడిపే క్లైడ్ చెప్పాడు. అదేదో నీ చేత్తో నువ్వే రెండు ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోయింది? ఫోన్ చేద్దామంటే మీ లోయలో తొమ్మిదిళ్ళకీ కలిపి ఒకటే లైను. మొన్న మీ బావ దగ్గు గురించి నీతో చెబుతుంటే మధ్యలో ఎవరో ఆవిడ దూరి, "తేనెలో కాస్త విస్కీ కలిపి పట్టండమ్మా" అంది. అందుకే ఉత్తరం.

ఇక ఇది అక్కగా కాదు, స్కూలు బోర్డు గుమాస్తాగా రాస్తున్నాను. వెనకబడిన పిల్లల చదువుకని వాషింగ్టన్ నుంచి మనకొచ్చే గ్రాంటు ఉంది కదా, ఆ డబ్బుతో కొన్న ప్రతి వస్తువుకీ నంబరు బిళ్ళ కొట్టాలట. ఏం కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు, ఎందుకు కొన్నారు, ఇప్పుడెక్కడుంది, అంతా ఒక జాబితాలో ఉండాలట. డిసెంబరులో మన రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రాష్ట్ర ఆడిటరు వచ్చి పోల్చి చూస్తాడు. పదకొండు బళ్ళ జాబితా నా నెత్తిన పెట్టి సూపరింటెండెంటు గారు కుందేళ్ళ వేటకి వెళ్ళారు.

మీ బడి పేరున ఆగస్టులో ఒక బిల్లు ఉంది. సినిమా ప్రొజెక్టరు ఒకటి, హోబర్ట్ సైజ్‌మోర్ కొట్లో, రెండువందల ముప్పైఎనిమిది డాలర్లు. దాని అడుగున ఫ్యాక్టరీ నంబరు ఉంటుంది. అది రాసి పంపు.

రెండు సీసాల ఆపిల్ జామ్ క్లైడ్‌తో పంపుతున్నాను. బడి పిల్లలకి కూడా పెట్టు.

మీ అక్క
ఆర్డిత్


కేనీ ఫోర్క్
12 అక్టోబరు

అక్కా,

జామ్ అందింది. ఒక సీసా పిల్లలు తిన్నారు. రెండోదాని సంగతి అడక్కు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. పొయ్యి గొట్టం మళ్ళీ పొగ కక్కుతోంది. నీకొక మంచి మాట చెప్పాలి. పోయినేడు ఈ పాటికి ముప్పైఒక్కమందిలో పదిమంది బడి మానేశారు. ఈ ఏడు అందరూ వస్తున్నారు. నేపియర్ వాళ్ళ రెండో పిల్ల రెన్నీ గుర్తుందా, వచ్చిన రోజుల్లో గోడవైపు తిరిగి కూర్చునేది? ఇప్పుడు మూడో తరగతి పుస్తకం పైకి చదువుతోంది. మధ్యలో ఆపితే కోప్పడుతోంది కూడా.

నంబరు చూశాను. ఫ్యాక్టరీ వాళ్ళు సరిగ్గా కొట్టినట్టు లేదు, చదవడానికి రావడం లేదు. తీరిగ్గా చూసి రాస్తాను.

బావని అడిగానని చెప్పు.

ఎస్టిల్


మార్డెన్
21 అక్టోబరు

ఎస్టిల్,

రెండు నెలల కిందట కొన్న మిషన్ మీద నంబరు చదవడానికి రాకపోవడమేమిట్రా? దీపం పట్టుకుని చూడు. లేకపోతే రెన్నీని చూడమను, అది చదువుతుంది.

నీకు తెలీకుండా ఒక పని చేశాను. మిషన్ ఉంది కానీ కౌంటీ లైబ్రరీ నుంచి మీ బడి ఒక్క సినిమా రీలూ తెప్పించుకోలేదని చూశాను. నీకెప్పుడూ అడగడానికి మొహమాటం. అందుకని నేనే మూడు రీళ్ళు తీసి పంపుతున్నాను. ఒకటి అగ్నిపర్వతాలు, ఒకటి నీటిలో ఆనకట్టలు కట్టే బీవర్లు, మూడోది పళ్ళు తోముకోవడం. మూడోది ముందు నువ్వు చూడు.

ఇంకో మాట. బిగ్ ఎల్మ్ బడి మిస్ లాకీ నిన్న ఆఫీసుకొచ్చి, క్రిస్మస్‌కి మీ ప్రొజెక్టరు రెండ్రోజులు ఇస్తారా అని అడిగింది. ఇస్తాడు, ఎందుకివ్వడు అన్నాను. ఆవిడకి ఇంకా పెళ్ళి కాలేదు. ఊరికే చెబుతున్నాను.

మీ బావ ఛాతీ ఫోటోలు మళ్ళీ తీయించాం. ఆ కథ కలిసినప్పుడు చెబుతాను.

ఆర్డిత్


కేనీ ఫోర్క్
1 నవంబరు

అక్కా,

రీళ్ళు క్లైడ్ చేతికే ఇచ్చి తిప్పి పంపుతున్నాను. ప్రొజెక్టరు బల్బు పోయింది. సిన్సినాటీ నుంచి రావాలని హోబర్ట్ అంటున్నాడు, ఎప్పటికొస్తుందో తెలీదు. అందుకని మిస్ లాకీకి మాటివ్వకు. వేరే ఏ మాటా కూడా ఇవ్వకు.

పిల్లలకి అగ్నిపర్వతాల గురించి నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పాను. బాగానే ఉంది.

తొందరలో ఉన్నాను. ఉంటాను.

ఎస్టిల్


మార్డెన్
8 నవంబరు

ఎస్టిల్,

నిన్న చర్చి మెట్ల మీద హోబర్ట్ భార్య నన్ను పట్టుకుంది. "మీ తమ్ముడు తీసుకెళ్ళిన వాషింగ్ మిషన్ బాగా పనిచేస్తోందా అండీ?" అంది. ఏ మిషన్ అన్నాను. "అదేనండీ, ఆగస్టులో మా ఆయన లారీ మీద మీ లోయకి దించొచ్చాడు కదా. ఆ లూలా నేపియర్ కోసమేగా? పాపం, మొగుడు డెట్రాయిట్ వెళ్ళి మూడేళ్ళు, ఉత్తరం ముక్క లేదాయె" అంది. చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు. అందరూ గొడుగులు సర్దుకుంటున్నట్టు నటిస్తూ వింటున్నారు.

నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి కోటు విప్పకుండా కుర్చీలో కూలబడ్డాను.

నీ మనసు ఎవరిమీద పడిందో నాకనవసరం. ముప్పైఎనిమిదేళ్ళవాడివి. కానీ చదువురాని పిల్లలకని వచ్చిన డబ్బుతో ఇంకొకరి ఇంటికి కానుకలు కొంటావా? పైగా బిల్లు మీద ప్రొజెక్టరని రాయిస్తావా? బల్బు పోయిందని నాకు అబద్ధం రాస్తావా? ప్రొజెక్టరు వచ్చి చేరిందని సంతకం పెట్టింది నేను. నీ మాట నమ్మి పెట్టాను. ఇది జైలుకెళ్ళే పనిరా.

జవాబు రాయి. ఈసారి నిజం రాయి.

ఆర్డిత్


కేనీ ఫోర్క్
13 నవంబరు

అక్కా,

నిజమే రాస్తున్నాను.

మిషన్ లూలా ఇంట్లో లేదు. బడి వెనక బొగ్గుల గదిలో ఉంది. మొదటినుంచీ అక్కడే ఉంది. పోయినేడు వసంతంలో గని కొండ కిందికి తవ్వుకొచ్చాక ఈ లోయలో సగం బావుల్లో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆ నీళ్ళలో ఉతికితే తెల్లబట్ట ఇటుకరంగు తేలుతుంది, కుళ్ళిన గుడ్ల వాసనొస్తుంది. బడి బావి లోతైంది కాబట్టి బతికింది. రెన్నీ బడికొచ్చిన రోజుల్లో వెనక బెంచీ పిల్లలు ముక్కులు మూసుకునేవారు. ఒకరోజు అది నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, నేను బయట అరుగు మీద కూచుని వింటాను. కిటికీ తీసి ఉంచండి చాలు" అంది. మర్నాటినుంచి రాలేదు. తర్వాత కాడిల్స్ పిల్లలు రాలేదు. తర్వాత ఇంకో ఇల్లు.

సూపరింటెండెంటు గారి దగ్గరికెళ్ళి అడిగాను. నువ్వారోజు సెలవులో ఉన్నావు. నవ్వాడాయన. "బడి నడుపుతున్నావా, చాకిరేవు పెడతావా?" అన్నాడు. దాంతో హోబర్ట్‌ని బతిమాలి ప్రొజెక్టరని రాయించాను. ప్రొజెక్టరైతే ఎవరూ ఎందుకని అడగరు.

శనివారాలు లూలా వచ్చి ఎనిమిదిళ్ళ పిల్లల బట్టలు ఉతుకుతుంది. కూలి తీసుకోదు. ఆవిడకీ నాకూ మధ్య సబ్బు గురించి తప్ప మాటల్లేవు. చర్చి మెట్ల మీద వాళ్ళన్నది పరాయివాళ్ళ మాట, పోనీ. నువ్వు నమ్మావు చూడు, అది.

నీ ఉద్యోగానికి ముప్పొస్తుందంటే రాజీనామా రాసిస్తాను. అంతా నా మీద తోసెయ్.

ఎస్టిల్


మార్డెన్
18 నవంబరు

ఎస్టిల్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. లూలా విషయంలో నేను తప్పు. క్షమించమని ఆవిడని అడగాలి, నిన్ను కాదు. నాకు అబద్ధం రాసింది నువ్వే.

ఒరేయ్ పిచ్చివాడా, నన్నొక్క మాట అడిగుంటే! ఆ గ్రాంటు నిబంధనల పుస్తకం నా బల్ల మీద ఉంటుంది. చదువుకి అడ్డొచ్చే అవసరం ఏదైనా సరే, వేరే దారి లేదని చూపించి, ముందుగా కారణం రాస్తే ఒప్పుకుంటారు. కొన్ని చోట్ల బూట్లు కొన్నారు, కళ్ళజోళ్ళు కొన్నారు. సూపరింటెండెంటు నవ్వితే నవ్వనీ, ఆయన ఆ పుస్తకం అట్ట కూడా చూడలేదు. వాషింగ్ మిషన్ తప్పు కాదురా. ప్రొజెక్టరన్న మాట తప్పు.

కాగితాల పిచ్చిదాన్ని అనుకుంటావు. మీ బావ సంగతి చెబుతానన్నాను కదా. బొగ్గు ధూళి జబ్బుకిచ్చే పింఛను మూడోసారి కాదన్నారు. పదిహేడేళ్ళు గనిలో ఉన్నట్టు రుజువు లేదట. మొదటి గని కంపెనీవాడు జీతాల పుస్తకం తగలబెట్టాడు, రెండోవాడు లోడింగ్ పని చేసినవాణ్ణి వాచ్‌మన్ అని రాసుకున్నాడు. పక్కగదిలో మనిషి ఊపిరాడక దగ్గుతుంటే, ఆయన వాచ్‌మన్ అని కాగితం చెబుతోంది. ఒక్క తప్పుడు మాట ఏం చేస్తుందో నేను రోజూ వింటున్నాను.

అందుకని ఆ జాబితాలో ప్రొజెక్టరని రాసి సంతకం పెట్టను. "బిల్లులో ప్రొజెక్టరు, వచ్చిన వస్తువు వాషింగ్ మిషన్" అని రాస్తాను. సూపరింటెండెంటుకి ఈ ఉదయమే చెప్పాను. ఆడిటరు డిసెంబరు 6న వస్తాడు. నువ్వు హాజరు పట్టీలు పోయినేడువీ, ఈ ఏడువీ పంపు. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాయి.

మీ అక్క
ఆర్డిత్


కేనీ ఫోర్క్
23 నవంబరు

ఆర్డిత్,

చెప్పేశావన్నమాట. నన్నడగకుండానే. మంచిది. నీ కుర్చీ నీకు దక్కింది.

నీ మాట ఇక్కడికి నీ ఉత్తరం కంటే ముందొచ్చింది. లూలా శనివారం రాలేదు. సోమవారం పిల్లల్ని కూడా పంపలేదు. వెళ్ళి పిలిస్తే తలుపు సందులోంచి, "మా మూలంగా మీ ఉద్యోగం పోవద్దు మాస్టారూ. మీరెళ్ళండి" అంది. రెన్నీ వెనక నుంచుని ఉంది.

నేనేదో ఒకటి చేస్తాను. ఈ శనివారం హోబర్ట్ దగ్గరికెళ్తున్నాను. మిషన్ వెనక్కి తీసుకుని అదే వెలకి నిజంగానే ప్రొజెక్టరు ఇస్తానన్నాడు. నాలుగో తారీకున లారీ వస్తుంది. ఆరో తారీకుకి బిల్లులో ఉన్నదే బడిలో ఉంటుంది. జాబితాలో ప్రొజెక్టరనే రాసుకో, అబద్ధం కాదు. అందరూ సుఖంగా ఉండొచ్చు.

ఎస్టిల్


మార్డెన్
28 నవంబరు, ఆదివారం

ఎస్టిల్,

నిన్న క్లైడ్ ట్రక్కులో మీ లోయకొచ్చాను. కాళ్ళావేళ్ళా పడైనా నిన్ను ఆపాలని వచ్చాను. బడికి తాళం. నువ్వు అప్పటికే హోబర్ట్ దగ్గరికి పోయావు. వాగు దాటి లూలా ఇంటికెళ్ళాను. బూట్లనిండా బురద.

తలుపు తీసి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మీరేనా కాగితాలావిడ?" అంది. నేనే అన్నాను. "మా మాస్టారిని పట్టిచ్చింది మీరేనా?" నేనే అన్నాను. "సొంత తమ్ముణ్ణి?" అంది. అప్పుడు ఏడుపొచ్చేసిందిరా. వాకిట్లో నుంచుని ఏడ్చాను. పాపం, ఆవిడకేం చెయ్యాలో తోచక లోపలికి రమ్మంది. మొక్కజొన్న రొట్టె పెట్టింది. చర్చి మెట్ల మీద నేను నమ్మినదానికి క్షమించమన్నాను. "పోనిద్దురూ, నా గురించి అంత సరదా కథ ఉందని నాకే తెలీదు" అంది.

తర్వాత, ఈ మిషన్ వల్ల ఎవరికేం మేలు జరిగిందో చూపించడానికి నా దగ్గర హాజరు పట్టీ తప్ప ఏం లేదని చెప్పాను. ఆవిడ లేచి గోడమీది దాణాకొట్టు క్యాలెండరు తీసుకొచ్చింది. ఎస్టిల్, అది నువ్వెప్పుడైనా చూశావా? ఆగస్టు నుంచి ప్రతి శనివారం గడిలో గుర్తులున్నాయి. ఇంటికొక బొమ్మ. కాడిల్స్‌కి కోడి, తన ఇంటికి గిన్నె. పక్కన ఎన్ని చొక్కాలు, ఎన్ని గౌన్లు, సబ్బు ఎంత. "వంతుల దగ్గర కొట్టుకుచస్తారని రాసుకున్నానమ్మా. నా పిల్లలవి ముందు ఉతుక్కున్నానంటారు కదా" అంది. ఏ రోజుకారోజు రాసింది, ఎవరికోసమూ కల్పించి రాయనిది. పన్నెండేళ్ళ నా ఉద్యోగంలో ఇంత నికార్సయిన రికార్డు చూడలేదు.

ఇంకా మార్చెయ్యాలనుంటే మార్చు. ఆ లారీకి అడ్డం పడుకోను. కానీ మిషన్ పోతే ఆ క్యాలెండరు అబద్ధమైపోతుంది. ఆవిడ చేసింది జరగనట్టే.

నిన్నడగకుండా చెప్పడం తప్పే. అడిగినా అదే చేసేదాన్ని, కానీ అడగాల్సింది.

ఆర్డిత్


కేనీ ఫోర్క్
8 డిసెంబరు

అక్కా,

లారీ నాలుగో తారీకున వచ్చింది. వెనక్కి పంపేశాను. హోబర్ట్ తిట్టిన తిట్లు ఉత్తరంలో రాయదగ్గవి కావు.

ఆడిటరు గుడ్‌లెట్ గారు వచ్చి వెళ్ళారు. పొడుగాటి మనిషి, బొగ్గుల గది గుమ్మం తలకి కొట్టుకుంది. నీ జాబితా చేతిలో పట్టుకుని, "ఇందులో బిల్లుకొకటి, వస్తువుకొకటి రాసుంది. బిల్లు ఎవరు రాయించారు?" అన్నారు. "నేనండీ. ప్రొజెక్టరు ఎప్పుడూ లేదు. నిజం రాస్తే ఇవ్వరనుకున్నాను" అన్నాను. అన్నాక ఆశ్చర్యంగా తేలిగ్గా అనిపించింది.

లూలా వచ్చింది. నేను పిలవలేదు, తనే క్యాలెండరు చంకలో పెట్టుకుని వచ్చింది. ఆయన బొగ్గుబుట్ట బోర్లించి దానిమీద కూర్చుని ఒక్కో గడీ చూశారు. నా హాజరు పట్టీ పక్కన పెట్టుకుని వేలుతో పోల్చారు. ముప్పావుగంట. "అక్టోబరులో కోడి బొమ్మ ఒక వారం లేదే?" అన్నారు. "వాళ్ళ నాయనమ్మ పోయిందండీ, ఊళ్ళో లేరు" అంది లూలా. పట్టీలో చూస్తే ఆ వారం కాడిల్స్ పిల్లలు ముగ్గురూ లేరు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

కడకి నాతో, "అవసరం ఉందని మీరు రుజువు చేశారు. కానీ దొంగబిల్లుని నేను ఒప్పుకోలేను. ఒప్పుకుంటే రేపు నిజమైన దొంగ దాన్నే చూపిస్తాడు. డబ్బు తిరిగి కట్టాలని రాస్తాను" అన్నారు. సరేనన్నాను. ఆయనమీద కోపం రాలేదు.

క్యాలెండరు ఫ్రాంక్‌ఫర్ట్ తీసుకెళ్తానన్నారు. లూలా వదల్లేదు. "మరి రసీదు?" అంది. "రసీదా?" అన్నారాయన. "నా సొత్తు మీరు పట్టుకుపోతుంటే నాకు రసీదు ఇవ్వరా? కాగితం లేకపోతే మీరే ఒప్పుకోరుగా!" ఆయన బుద్ధిగా కూర్చుని రాసిచ్చారు. క్యాలెండరు ఒకటి, దాణాకొట్టుది, పదకొండు నెలలు వాడినది.

రెన్నీ ఈ ఉదయం వచ్చింది. చోటు మార్చుకుని ముందు బెంచీలో కూర్చుంది.

కుర్చీ గురించి ఒక మాటన్నాను నిన్ను. అది వెనక్కి తీసుకుంటున్నాను.

నీ తమ్ముడు
ఎస్టిల్


మార్డెన్
20 జనవరి 1977

తమ్ముడూ,

మంచు కరిగి దారి తెరుచుకునేదాకా ఇది క్లైడ్ దగ్గరే ఉంటుందేమో. అయినా రాస్తున్నాను.

బోర్డు మీటింగు నిన్న అయింది. డబ్బు తిరిగి కట్టాలని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఉత్తరం వచ్చింది. మొత్తం బోర్డు కట్టేసింది, అందులో సగం నీ జీతంలోంచి నెలనెలా పట్టుకుంటుంది. హోబర్ట్ దగ్గర రెండేళ్ళు ఏ బడీ ఏమీ కొనకూడదు. నీకు రాతపూర్వకంగా మందలింపు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. ఒక్క అచ్చుతప్పు లేకుండా చేశాను. సుద్దముక్క కావాలన్నా ఇకమీదట నా సంతకం ఉండాలి. నాకు ఆ భాగం బాగా నచ్చింది.

సూపరింటెండెంటు గారు మిషన్ వేలం వేద్దామన్నారు. నేను లేచి నుంచున్నాను. గుమాస్తా మీటింగులో లేవకూడదు, తెలుసుగా. "అయ్యా, పిల్లలొచ్చిన ప్రతిరోజుకీ రాష్ట్రం మనకి డబ్బిస్తుంది. కేనీ ఫోర్క్‌లో ఈ ఏడు ఎన్ని రోజులు పెరిగాయో చూడండి" అని పట్టీ ముందు పెట్టాను. అందరూ చూశారు. ఛైర్మన్ గారు, "వేలం మాట మళ్ళీ ఎత్తకండి" అన్నారు. సూపరింటెండెంటు గారు పెన్ను మూత వెతుక్కున్నారు.

డబ్బు తిరిగి కట్టేశాం కాబట్టి ఆ మిషన్ ఇక వాషింగ్టన్‌ది కాదు, గ్రాంటు లెక్కలోకి రాదు. బడి పిల్లలవే ఉతకాలన్న నియమం లేదు. పసిపిల్లల గుడ్డలు, ముసలాళ్ళ దుప్పట్లు, ఏవైనా ఉతుక్కోవచ్చు. లూలాకి చెప్పు.

మీ బావ కాగితాలు మళ్ళీ తిరిగొచ్చాయి. మళ్ళీ పంపుతాం.

ఇంకొకటి. బిగ్ ఎల్మ్ బడిలోనూ ఇదే గోడు, ఇవే ఎర్రనీళ్ళు. మిస్ లాకీ ఒక మిషన్ అడుగుతోంది. ఈసారి గ్రాంటుకి ముందుగా, పద్ధతిగా రాద్దాం. గుడ్‌లెట్ గారే ఆ ఫారం పంపారు. "ఎందుకు అవసరం" అని ఒక గడి ఉంది, చాలా చిన్నది. అది నువ్వు నింపు. నాకంటే నీకు తెలుసు.

అక్క


కేనీ ఫోర్క్
6 ఫిబ్రవరి

అక్కా,

మూడువారాల తర్వాత బడి తెరిచాం. నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి పగిలాయి, బాగుచేశాను. నిన్న శనివారం పదిహేనిళ్ళవాళ్ళు వచ్చారు. బొగ్గుల గది చాలక లూలా అందరినీ మంచులో వరసలో నిలబెట్టింది. ఛైర్మన్ గారి అత్తగారి దుప్పటి కూడా వచ్చింది. వంతు కోసం ఆవిడా నిలబడింది.

నీ ఫారం నాలుగుసార్లు రాసి చింపాను. బావుల గురించి రాశాను, గని గురించి రాశాను, హాజరు శాతాలు రాశాను. గడి పట్టలేదు. కడకి లూలానే అడిగాను: "ఈ మిషన్ ఎందుకు కావాలో ఒక్క ముక్కలో చెప్పు."

చేతులు తుడుచుకుంటూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "బట్టలుతకడానికి మాస్టారూ. పిల్లలు సిగ్గుపడకుండా లోపల కూర్చుని చదువుకోవడానికి. ఇంకేం రాస్తారు?"

అదే రాశాను. వస్తువు పేరున్న గడిలో వాషింగ్ మిషన్, ఒకటి అని రాశాను. కింద సంతకం నాది. సాక్షి సంతకం లూలాది. పేరు రాయడం ఈ వారమే నేర్చుకుంది, అందుకే గడి దాటింది. దిద్దకు.

ఎస్టిల్